ఆరు రుచులు, అరవై మూడు కలయికలు



ఉగాది పచ్చడిలోని ఆరు రుచులతో ఎన్ని రకాల కలయికలు వస్తాయో మీ పిల్లలను అడగండి. ఈ లెక్క నేర్పిన మహావీరాచార్యులు జైన పండితులు. మన వేములవాడ చాళుక్యులు సామంతులుగా ఉన్న రాష్ట్రకూట రాజ్యంలో, అమోఘవర్షుని కాలంలో, క్రీ.శ. 850 ప్రాంతంలో 'గణితసారసంగ్రహం' రాశారు. ఖగోళం కలపకుండా గణితానికే కేటాయించిన పుస్తకమది. కొన్ని వస్తువుల్లోంచి కొన్నింటిని ఎన్ని విధాలుగా ఎంచుకోవచ్చో చెప్పే సూత్రం అందులో ఉంది. ఇంటర్ పిల్లలు చదివే ఎన్‌సీఆర్ అదే. దానికి ఆయన రుచులనే ఉదాహరణగా ఇచ్చారు.

విడివిడిగా 6, రెండేసి 15, మూడేసి 20, నాలుగేసి 15, ఐదేసి 6, అన్నీ కలిపి 1. మొత్తం 63.

తర్వాత పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చారు.

ఇప్పుడు కంప్యూటర్‌లో ఇదే లెక్క ఇంకోలా చేస్తాం. ఒక్కో రుచి ఉండవచ్చు, లేకపోవచ్చు. అంటే రెండేసి అవకాశాలు. రెండును ఆరుసార్లు వేసి గుణిస్తే 64. ఏ రుచీ లేనిది తీసేస్తే 63. రెండు దారుల్లోనూ జవాబు ఒక్కటే.

పరీక్షలో సూత్రం అప్పజెబితే మార్కులు వస్తాయి. కానీ లెక్క అర్థమైందో లేదో తెలియాలంటే, ఆరు గిన్నెలు ముందు పెట్టి జాబితా రాయించండి. 63కి ఒకటి తగ్గితే, ఏది వదిలేశారో మీరు చెప్పకండి. వాళ్లనే వెతకనివ్వండి.