భయమును పంచిపెట్టిన జానపదబ్రహ్మ

భయానకము కూడ ఒక రసమేయని భరతముని చెప్పిన మాట విద్యార్థులు ఎరిగినదే. నాట్యశాస్త్రము పేర్కొన్న ఎనిమిది రసములలో దానికొక స్థానము గలదు. భయము దానికి స్థాయిభావము. బీభత్సము దానికి పుట్టినిల్లు. అయినను మన సాహిత్యచర్చలలో శృంగారవీరకరుణములకు దక్కిన గౌరవము భయానకమునకు దక్కలేదు. అది బేతాళకథలలోను, వెన్నెలరాత్రులందు అవ్వలు మనుమలకు చెప్పు కథలలోను తలదాచుకొని బ్రదికినది. అట్టి రసమును గుడ్డడేరాల క్రిందికి తెచ్చి, నేలమీద కూర్చున్న పల్లెజనులందరిచేత ఒక్కమారుగా అనుభవింపజేసిన దర్శకుడొకరు మన చలనచిత్రరంగమున ఉండినారు. ఆయన తెలుగునేలపై పుట్టలేదు, కళాశాల గడప తొక్కలేదు, అలంకారశాస్త్రము చదువలేదు. ఆయనే జానపదబ్రహ్మగా ప్రసిద్ధికెక్కిన బి. విఠలాచార్య.

విఠలాచార్య 1920లో, నేటి కర్ణాటకమందలి ఉడుపికి సమీపమున గల ఉద్యావరమను గ్రామమున జన్మించినారు. తండ్రి ఆయుర్వేదవైద్యుడు. బాలుని చదువు ప్రాథమిక తరగతులతోనే ఆగిపోయినది. చిన్ననాడే ఇల్లు విడిచి, హాసన జిల్లాలోని అరసీకెరె చేరి, దొరికిన పనియెల్ల చేయుచు పెరిగినారు. కొంతకాలమునకు అచ్చట ఒక హోటలు నడుపగల స్థితికి వచ్చినారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమము చెలరేగినప్పుడు ఆయనయు, మిత్రులును కారాగారమునకు వెళ్ళినారు. వెలుపలికి వచ్చిన తరువాత ఆ మిత్రులతో కలిసి ఆయన చేపట్టిన వ్యాపారము సంచారసినిమా. అనగా ఊరూర డేరా వేసి బొమ్మ ఆడించుట. ఈ వ్యాపారమే ఆయనకు పాఠశాలయైనది. తన డేరాలో ఆడిన చిత్రములను మరల మరల చూచి, కథ నడుపు తీరును, చిత్రము తీయు విధానమును ఆయన గ్రహించినారు.

ఆ పాఠశాల ఎట్టిదో నేటి విద్యార్థులకు కొంత వివరింపవలసి యున్నది. టూరింగ్ టాకీసు అనబడు ఆ డేరాలో సాధారణముగా ఒకే ప్రొజెక్టరు ఉండెడిది. వేయి అడుగుల ఫిల్ముచుట్ట పదకొండు నిమిషములలో అయిపోవును. రెండు వేల అడుగుల చుట్టయైనను అరగంట నడువదు. చుట్ట మార్చవలసి వచ్చినప్పుడెల్ల బొమ్మ ఆగును, దీపము వెలుగును. కనుక ఒక చిత్రమునకు మూడు నాలుగు విరామములు తప్పెడివి కావు. పట్టణపు హాలులో ప్రేక్షకుడు మౌనముగా చూచి, ముగిసిన పిదప మాటాడును. డేరాలో అట్లు కాదు. మాంత్రికుడు కత్తి ఎత్తినంతలో చుట్ట ముగిసినచో, ఆ కత్తి ఎవరిపై పడునో, రాకుమారి ఎట్లు తప్పించుకొనునో అని నేలతరగతి అంతయు ఒక సభవలె చర్చించెడిది. వేరుశనగకాయలు ఒలుచుచు పెద్దలు తమకు తోచిన కథ చెప్పెడివారు; పిల్లలు తల్లుల ఒడిలోనుండి తల పైకెత్తి వినెడివారు. ఇంతలో దీపము ఆరిపోవును. అందరును ఒకరికొకరు దగ్గరగా జరుగుదురు.

రాయలసీమవంటి మెట్టప్రాంతమున ఈ డేరాకు గల విలువ వేరు. మంగంపేట పరిసరములనే తీసికొన్నచో, ఆ నేల పైరునకు పిసినారి. కాని గర్భమున ముగ్గురాయిని రాసులుగా దాచుకొన్నది. నూనెబావులు త్రవ్వుటకు వలసిన ఆ రాతిపొడి దేశదేశములకు ఎగుమతియగును. ప్రపంచమునందలి మిక్కిలి పెద్ద ముగ్గురాయి నిక్షేపములలో మంగంపేట ఒకటి. రాళ్ళు కొట్టి, వానకై ఎదురుచూచి బ్రదుకు ఇట్టి సీమలో, పట్టణపు హాలుకు పోలేని కష్టజీవులకు డేరాయే రంగస్థలము. పొద్దుగూకిన వేళ ధ్వనివర్ధకమునుండి ఘంటసాల పాడిన భక్తిగీతము వినిపించినచో అది ఆట మొదలగుటకు గుర్తు. ఇల్లిల్లు తలుపు దగ్గరకు వేసి బయలుదేరెడిది.

ఈ జనమునకు భయమును నవ్వును కలిపి అనుభవించుట క్రొత్త కాదు. తోలుబొమ్మలాటలో రావణుడు పదితలలతో గర్జించిన వెంటనే జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి కడుపుబ్బ నవ్వించుట తరతరముల సంప్రదాయము. భయపడిన మనస్సునకు నవ్వు ఊపిరినిచ్చును. నవ్విన మనస్సు మరల భయపడుటకు సిద్ధమగును. ఈ సూత్రము నట్టువులకు, బొమ్మలాటవారికి తెలియును. విఠలాచార్యకును అది డేరాలోనే తెలిసినది.

ఆయన నిర్మాతగా మారినది కన్నడసీమలోనే. డి. శంకర్ సింగ్‌తో కలిసి మైసూరునందు మహాత్మా పిక్చర్స్ సంస్థను నడిపినారు. 1949 నాటి నాగకన్నిక ఆ సంస్థ చిత్రమే. తరువాత విఠల్ ప్రొడక్షన్స్ అను స్వంతసంస్థను స్థాపించి మదరాసు చేరినారు. తెలుగులో ఆయన తొలిచిత్రము 1955లో వచ్చిన కన్యాదానము, అది సాంఘికము. పేరు తెచ్చిన త్రోవ మాత్రము 1959లో జయవిజయతో తెరచుకొన్నది. కాంతారావు ఖడ్గధారియై నిలువగా, జానపదమనిన విఠలాచార్యయే యన్న ప్రసిద్ధి క్రమముగా ఏర్పడినది. 1963లో ఎన్.టి. రామారావు నాయకుడుగా బందిపోటు, కాంతారావు నాయకుడుగా గురువును మించిన శిష్యుడు, 1964లో అగ్గిపిడుగు, నవగ్రహపూజామహిమ, 1965లో మంగమ్మ శపథము, జ్వాలాద్వీప రహస్యము వరుసగా వచ్చినవి.

1969లో విడుదలయైన గండికోట రహస్యము కడపసీమవారికి ప్రత్యేకముగా చెప్పుకొనదగినది. పెన్నానది కొండలను చీల్చుకొని పారు లోయ అంచున, పెమ్మసానివారు ఏలిన గండికోట నేటికిని నిలిచి యున్నది. చిత్రకథ చరిత్ర కాదు, కల్పితమైన జానపదము. ఐనను తమ సీమలోని కోటపేరు వెండితెరపై చదువుకొన్న పల్లెవానికి, తన ఊరి రాళ్ళకును ఒక రహస్యము గలదన్న భావము కలుగకమానదు.

ఆయన నిర్మాణపద్ధతిలో పొదుపు ప్రధానము. వేసిన కోటగోడనే రంగుమార్చి మరియొక రాజ్యము చేయుట, అనుకొన్న దినములకే చిత్రీకరణ ముగించుట ఆయన పేరుతో పెనవేసికొన్న గుణములు. నటుడెవరైన చెప్పిన నాటికి రానియెడల, మాంత్రికుని శాపముచేత ఆ పాత్రను చిలుకగనో మేకగనో మార్చి కథ నడిపెడివారని సినిమావారు నవ్వుచు చెప్పుకొందురు. అందలి నిజమెంతయైనను ఆ కథ పుట్టుటకు తగిన స్వభావము ఆయనది: పని ఆగరాదు, డేరాలో జనము ఎదురుచూచుచుండరాదు.

మాయలన్నియు కెమెరాయందే జరుగవలసిన కాలమది. మనిషి అదృశ్యము కావలెనన్న కెమెరాను ఆపి, నటుని ప్రక్కకు పంపి, మరల త్రిప్పవలెను. 1896లో పారిస్ నగరమున ఇంద్రజాలికుడైన మెలియే అవలంబించిన ఉపాయమిదే. నల్లతెర ముందు నల్లని దుస్తులు ధరించి, వానిపై తెల్లని ఎముకలు చిత్రించుకొన్న మనిషి ఆడినచో, తెరపై అస్థిపంజరమే నాట్యమాడినట్లుండును. ఒకే ఫిల్మును రెండుమారులు వెలుగునకు చూపినచో, గోడ కనిపించునట్టి దెయ్యము పుట్టును. ఫిల్మును వెనుకకు నడిపినచో, క్రింద పడిన కత్తి ఎగిరి చేతికి వచ్చును. ఇట్టి చిన్న ఉపాయములతోనే ఆనాటి తెరపై పెద్ద లోకములు నిర్మితమైనవి.

ఆ పరంపరకు శిఖరము 1978 నాటి జగన్మోహిని. నరసింహరాజు నాయకుడు; మోహినిగా జయమాలిని; దైవభక్తిచే భర్తను కాపాడుకొను ఇల్లాలుగా ప్రభ. పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్ళనే పెట్టి వంటచేయు దెయ్యము తెలుగువారి జ్ఞాపకమున చెరగని బొమ్మయైనది. ఇందలి నేర్పు గమనింపదగినది. విఠలాచార్య దెయ్యమును పాడుబడిన కోటలోనే ఉంచక వంటయింటికి తెచ్చినారు. పొయ్యి, కట్టె, వంట ప్రతి ఇల్లాలును ప్రతిదినము ఎరిగిన వస్తువులు. అందుచేతనే ఆ దృశ్యము చూచి జనులు మొదట ఉలిక్కిపడుదురు, మరుక్షణమున పక్కున నవ్వుదురు. ఆ రెండింటి నడుమ గల క్షణమాత్రపు సందులోనే విఠలాచార్య కళ యంతయు ఉన్నది. ఒంటరిగా చూచినవానికి ఉలికిపాటు మాత్రమే మిగులును. ప్రక్కవాడు ఉన్నప్పుడే అది నవ్వుగా మారును.

ఈ చిత్రములపై ఆక్షేపణలు లేకపోలేదు. పల్లెలలో దెయ్యముల భయము ముందే గలదు. దానిని తెరపై పోషించుట మూఢవిశ్వాసమునకు నీరుపోయుట కాదా యన్న ప్రశ్న ఉపాధ్యాయులకు సహజముగా కలుగును. భూతవైద్యుల చేతులలో రోగులు హింసపడుట ఎరిగినవారికి ఈ శంక చిన్నది కాదు. కాని డేరాలో జరిగినదేమో కూడ చూడవలెను. చీకటిలో ఒంటరివానిని పట్టు దెయ్యము వేరు. వందలమంది నడుమ దీపపు వెలుగులో ఆడు దెయ్యము వేరు. మొదటిది నోరు నొక్కును, రెండవది నోరు విప్పించును. ఆట చూచి వెన్నెలలో ఇంటికి నడచుచు, మరునాడు బడిలో కూర్చుండి, బాలురు వాదించుకొన్నది దెయ్యము ఉన్నదా లేదా యని మాత్రమే కాదు. ఎముకలగూడు ఎట్లు నడచినది, తల ఎట్లు తెగి అతుకుకొన్నది అని. ఎట్లు అను ప్రశ్న పుట్టినచోట భయము సగము చచ్చును. మిగిలిన సగము వినోదమగును. ఆ ప్రశ్నకు బదులు చెప్పగల ఉపాధ్యాయుడు ఆ బడిలో ఉన్నచో జానపదచిత్రము విజ్ఞానపాఠమునకు తొలిమెట్టు కాగలదు. లేనిచో అది వట్టి భయముగనే మిగులును. కనుక ఆక్షేపణలో కొంత న్యాయము గలదు, ఆ భారములో కొంత మనది కూడ.

విఠలాచార్య 1980వ దశకమందును మదనమంజరి, నవమోహిని వంటి చిత్రములను తీసినారు. కాలము మారినది. పల్లెలకు విద్యుత్తు, పట్టణములకు హాలులు, ఇండ్లకు టెలివిజను వచ్చినవి. డేరాలు ఒక్కొక్కటిగా ముడుచుకొనిపోయినవి. 1999లో ఆయన కన్నుమూసినారు. అప్పటికి ఆయనను పెంచిన డేరాలోకము చాలవరకు కనుమరుగైనది.

నేడు కంప్యూటరు గీయు దెయ్యములు ఆనాటి అస్థిపంజరములకన్న ఎన్నియో రెట్లు భయంకరములు. వానిని విద్యార్థి అరచేతిలోని ఫోనున, దుప్పటిలో, ఒంటరిగా చూచుచున్నాడు. అయినను చూచిన వెంటనే దూరముననున్న మిత్రునికి ఆ సంగతి చెప్పనిదే అతనికి నిదురపట్టదు. కొందరు ఒకే వేళకు, ఎవరి ఇంట వారుండియే, ఒకే చిత్రమును చూచుచు మాటాడుకొనుటయు గలదు. డేరా పోయినను డేరాలోని అవసరము పోలేదన్నమాట. భయము పంచుకొన్నకొలది తరుగును, ఆనందము పంచుకొన్నకొలది పెరుగును. ప్రాథమిక తరగతులతో చదువు చాలించిన ఒక బాలుడు, ఊరూర గుడ్డపందిరి వేయుచు కనుగొన్న సత్యమిది. జీవితాంతము దానిని నమ్మి పనిచేయుటయే విఠలాచార్య సాధించిన ఘనత.