బిడ్డ పేరిట వెలసిన మస్జిద్ - ఏడవ నిజాం జీవితం



ఈ సంచికకు ఒక పెద్దమనిషి జీవితం వ్రాయమని కార్యవర్గం వారు కోరగా, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గారిని ఎంచుకున్నాను. మన బందరు 1759లోనే, మిగతా ఉత్తర సర్కారులు చాలావరకు 1766లో ఇంగ్లీషువారి పరమైనవి. కనుక మన తాతలు ఆయన ప్రజలు కారు. అయినా బిడ్డను పోగొట్టుకున్న తండ్రి ఏం చేయాలనే ప్రశ్నకు ఆయన జీవితంలో ఒక జవాబున్నది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయన 1886 ఏప్రిల్ 6న హైదరాబాదులో జన్మించారు. 1911లో తండ్రి మహబూబ్ అలీఖాన్ గారు పరమపదించగా గద్దెనెక్కారు. అప్పటికి మూడేళ్ళ క్రిందటే, 1908లో, మూసీ వరద వేలమందిని పొట్టనపెట్టుకున్నది. మళ్ళీ అటువంటి ముప్పు రాకుండా ఆయన కాలంలో ఉస్మాన్ సాగర్ కట్టారు. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపించారు. దేశభాషలో వైద్యం, ఇంజనీరింగు దాకా చెప్పవచ్చునని అది రుజువు చేసింది. నావంటి ఉర్దూ పంతుళ్ళకు ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికే గాక కాశీ హిందూ విశ్వవిద్యాలయానికీ, పూనాలో మహాభారతం అచ్చువేసే భండార్కర్ సంస్థకూ ఆయన ధనసహాయం చేశారు.

1937లో ఒక అమెరికా పత్రిక ఆయనను ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ముఖచిత్రం వేసింది. ఇంట్లో మాత్రం పాత టోపీ, మాసిన షేర్వానీ. పిసినారి అని లోకం నవ్వింది.

అంత ధనవంతుడికీ పుత్రశోకం తప్పలేదు. జవాద్ అనే కుమారుడు పసితనంలోనే అల్లాహ్ సన్నిధికి చేరుకున్నాడు. ఆ బిడ్డ జ్ఞాపకార్థం 1936లో కింగ్ కోఠీ ఎదుట మస్జిదె జూదీ కట్టించారు. పిల్లవాడి పేరున గోరీ మీద పాలరాయి పరచి ఊరుకోకుండా, పదిమంది సజ్దా చేసే చోటు ఏర్పరచారన్నమాట.

ఇది మన దీన్ నేర్పిన పద్ధతే. మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వారి కుమారుడు ఇబ్రాహీం రెండేళ్ళైనా నిండకుండా కన్నుమూశాడు. ఆయన కన్నీరు పెట్టుకున్నారు. ఆనాడే సూర్యగ్రహణం పట్టింది. బిడ్డ పోయినందుకే సూర్యుడు మసకబారాడని జనం అనుకుంటే, ఎవరి చావు పుట్టుకలకూ గ్రహణం పట్టదని వారించి, గ్రహణం చూస్తే నమాజు చేయమనీ, దానం చేయమనీ బోధించారు. అంత దుఃఖంలోనూ మూఢనమ్మకానికి చోటివ్వలేదు.

నిజాం గారి జీవితంలో మచ్చ లేదని నేననను. 1947-48లో రజాకార్లు ఊళ్ళ మీద పడి ఎందరో తల్లుల కడుపు కోశారు. ప్రాణభయంతో సరిహద్దు దాటి మన కృష్ణా జిల్లాకు వచ్చినవారిని పెద్దలు ఎరుగుదురు. పుత్రశోకం తెలిసిన పాలకుడై యుండి ఆయన వారిని అదుపు చేయలేదు. ఇది దాచిపెడితే చరిత్రకు ద్రోహం చేసినవాళ్ళమౌతాం. 1965లో టన్నుల బంగారం దేశానికి ఉచితంగా ఇచ్చారనే మాట కూడా సరికాదు. వడ్డీ వచ్చే బంగారు బాండ్లలో 425 కిలోలు పెట్టారు. ఉన్న మంచి చాలు, లేనిది చేర్చనక్కరలేదు.

1948 సెప్టెంబరులో రాజ్యం పోయింది. 1950 నుండి 1956 వరకు రాజప్రముఖ్‌గా ఉన్నారు. ఆయన చారిటబుల్ ట్రస్టు పంజాగుట్టలో కట్టించిన ఎముకల ఆసుపత్రి 1964లో తెరిచారు. నేటి నిమ్స్ అదే. 1967 ఫిబ్రవరి 24న ఆయన ఇంతకాల్ అయినారు. జనాజా వెంట లక్షలాది జనం నడిచారు. తండ్రి పడుకున్న మక్కా మస్జిదులో గాక, బిడ్డ పేరిట కట్టిన ఆ జూదీ మస్జిదులోనే, తల్లి ప్రక్కన ఖననం చేశారు.

మనకు అంత కలిమి లేదు, నిజమే. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ తల్లిదండ్రులు ఎందరికో బిడ్డ గోరీ ఎక్కడో కూడా తెలియలేదు. గోరీ లేకపోయినా సదకయె జారియాకు అడ్డు లేదు. మనవాళ్ళలో అప్పుచేసి నలభయ్యోనాటి విందు పెట్టేవారున్నారు. తిన్నవారు మర్నాటికి మరచిపోతారు, అప్పు మాత్రం ఉంటుంది. ఆ డబ్బుతో ఒక అనాథ పిల్లవానికి ఏడాది పుస్తకాలు, బట్టలు కొనిపెట్టండి. మదర్సాలో ఒక కుళాయి వేయించండి. ఆ నీరు త్రాగినంతకాలం మీ బిడ్డ పేరు మీద పుణ్యం పారుతూనే ఉంటుంది.

బిడ్డలను పోగొట్టుకున్న ప్రతి తల్లికీ తండ్రికీ అల్లాహ్ సబర్ ప్రసాదించుగాక! ఆమీన్.