రోగంతోనే నిండు జీవితం గడిపిన సరోజినీ నాయుడు

మన ఇళ్ళలో ఒక స్త్రీకి దీర్ఘకాలిక జబ్బు వస్తే సాధారణంగా రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. కొందరు ఆమె జబ్బును అసలు పట్టించుకోరు. వంట వేళకు అవుతోంది, పిల్లలు బడికి వెళుతున్నారు, కాబట్టి ఆమె బాగానే ఉందనుకుంటారు. మరికొందరు ఆమె జీవితం అక్కడితో అయిపోయిందన్నట్లు చూస్తారు. ఆడపిల్లయితే చదువు మాన్పిస్తారు. ఇల్లాలయితే ఏ విషయంలోనూ సలహా అడగరు. అయ్యో పాపం అని జాలిపడి ఊరుకుంటారు.

ఈ రెండూ అన్యాయమే. రోగం దైవాగ్రహానికి గుర్తు కాదు. హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) అంతటి ప్రవక్తనే అల్లాహ్ వ్యాధితో పరీక్షించాడు. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) రోగులను స్వయంగా పరామర్శించేవారు. వైద్యం చేయించుకోమని ఆదేశించారు. అంటే సహనం వహించడమూ, మందు వాడడమూ, చేతనైన మంచి పని చేస్తూ ఉండడమూ మూడూ కలిసే సాగాలి.

ఈ సందర్భంలో మన హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు జీవితం గుర్తుకొస్తుంది. ఆమె ముస్లిం కాదు. అయినా మంచి ఎక్కడ కనిపించినా గ్రహించడం విశ్వాసి లక్షణం. ఆమెను కవయిత్రిగా, స్వాతంత్ర్య పోరాట నాయకురాలిగా అందరూ ఎరుగుదురు. కాని పదమూడేళ్ళ వయసు నుంచి డెబ్భయ్యో ఏట కన్నుమూసే వరకు అనారోగ్యం ఆమెను వెంటాడుతూనే ఉందన్న సంగతి చాలామందికి తెలియదు.

బాల్యం, మొదటి దెబ్బ

సరోజిని 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులో జన్మించింది. ఆమె తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ బెంగాలీ. గొప్ప విజ్ఞానవేత్త. నేడు నిజాం కళాశాలగా పిలువబడే విద్యాసంస్థకు పునాది వేసింది ఆయనే. తల్లి వరదసుందరి పిల్లలతో హిందుస్తానీలో మాట్లాడేవారు. అలా ఈ బెంగాలీ అమ్మాయి మన హైదరాబాదు భాషలోనే పెరిగింది. పన్నెండేళ్ళకే మద్రాసు మెట్రిక్యులేషన్‌లో ఉత్తీర్ణురాలై దేశమంతటా పేరు తెచ్చుకుంది.

ఆ మరుసటి ఏడాదే ఆరోగ్యం దెబ్బతిన్నది. పుస్తకం ముట్టుకోకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. ఆ పసిమనసుకు రోషం వచ్చింది. డాక్టరు మీది పంతంతో అప్పటికప్పుడు రెండు వేల పంక్తుల నాటకం రాసేసింది. ఆ వయసులోనే ఆరు రోజుల్లో పదమూడు వందల పంక్తుల కావ్యం కూడా పూర్తి చేసింది. దీనివల్ల ఆరోగ్యం మరింత చెడింది. డాక్టరు మాట పెడచెవిన పెట్టడం పొరపాటేనని ఇక్కడ మనం ఒప్పుకోవాలి. బడి చదువు ఆగిపోయింది. అయితే తల్లిదండ్రులు ఆమె చేతిలోని పుస్తకం లాగేయలేదు. ఆమె అత్యధికంగా చదివింది పద్నాలుగు, పదహారేళ్ళ మధ్యలోనే. అంటే ఇంటి పట్టున రోగిగా ఉన్న కాలంలోనే!

1895లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఆమె ఇంగ్లాండు వెళ్ళింది. లండన్‌లోని కింగ్స్ కళాశాలలో, తర్వాత కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలో చదివింది. అక్కడా ఆరోగ్యం సహకరించలేదు. డిగ్రీ లేకుండానే 1898లో తిరిగి వచ్చింది.

తోడుగా నిలిచిన ఇల్లు

అదే ఏడాది డిసెంబరులో నిజాం సంస్థానంలో వైద్యుడైన డాక్టర్ గోవిందరాజులు నాయుడుతో ఆమె వివాహం మద్రాసులో జరిగింది. ఆయన తెలుగువారు, వేరే కులం వారు. ఆ కాలంలో ఇది చిన్న విషయం కాదు. వివాహం జరిపించినది కందుకూరి వీరేశలింగం పంతులు గారు. డిగ్రీ తేలేకపోయిందనీ, రోగిష్ఠిదనీ ఆ ఇంట ఆమెను ఎవరూ చిన్నచూపు చూడలేదు. భర్త ఆమె ఆరోగ్యం ఎరిగిన వైద్యుడు. అయినా ఆమెను నాలుగు గోడల మధ్య కట్టిపడేయలేదు. నలుగురు పిల్లలను కంటూ, పెంచుతూనే ఆమె కవితలు రాసింది. మొదటి కవితా సంపుటి ‘ది గోల్డెన్ త్రెషోల్డ్’ 1905లో లండన్‌లో వెలువడింది. హైదరాబాదులోని వారి ఇంటికీ అదే పేరు. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం ప్రారంభమైంది ఆ ఇంట్లోనే.

1908 సెప్టెంబరులో మూసీ నది పొంగి వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. ఆ వరద బాధితుల సేవలో సరోజిని ముందు నిలిచింది. ఈ సేవకు ప్రభుత్వం కైసర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. 1919లో జలియన్‌వాలా బాగ్ మారణకాండ జరిగినప్పుడు ఆ పతకాన్ని ఆమె తిరిగి ఇచ్చేసింది.

వైద్యానికి వెళ్ళి...

ఆమెను ఎక్కువగా బాధించినది గుండె జబ్బు. 1913లో లక్నోలో జరిగిన ముస్లిం లీగ్ మహాసభలో హిందూ ముస్లిం ఐక్యత గురించి మాట్లాడిన ఆమె, ఆ తర్వాత చికిత్స కోసం లండన్ వెళ్ళవలసి వచ్చింది. గోపాలకృష్ణ గోఖలే కూడా జబ్బుతో అప్పుడు లండన్‌లోనే ఉన్నారు. రోగులిద్దరూ కలుసుకుని తమ బాధల గురించి కాక దేశం గురించే ఎక్కువగా మాట్లాడుకునేవారు.

1914 ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. అప్పుడే దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన గాంధీజీని ఆమె మొదటిసారి కలిసింది. అక్కడి ఒక మహిళా సంఘం సైనికులకు బట్టలు కుట్టించే పని పెట్టుకుంది. ఆ సంఘంలో సభ్యురాలైన సరోజిని, కత్తిరించిన బట్టలు కుప్పగా తెచ్చి కుట్టించి పెట్టమని గాంధీజీ ముందు పోసింది. చికిత్సకు వెళ్ళిన మనిషి చేసిన పని ఇది!

తర్వాతి ముప్పయి అయిదేళ్ళు ఆమె ఆగలేదు. 1917లో స్త్రీలకు ఓటు హక్కు కోరుతూ భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసిన మహిళా బృందానికి నాయకత్వం వహించింది. ఖిలాఫత్ ఉద్యమాన్ని సమర్థించింది. 1925లో కాన్పూరు కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షురాలైంది. ఆ పదవి పొందిన మొదటి భారతీయ మహిళ ఆమే. 1930 ఉప్పు సత్యాగ్రహంలో గాంధీజీ అరెస్టు కాగా, ధరాసానా దండుకు వృద్ధుడైన అబ్బాస్ త్యాబ్జీ నాయకుడయ్యారు. ఆయననూ అరెస్టు చేశారు. అప్పుడు ముందుకు వచ్చింది యాభై ఒక్క ఏళ్ళ సరోజిని. మే నెల ఎండలో పోలీసులు దారి ఆపితే అక్కడే కూర్చుంది. చివరకు జైలుకు వెళ్ళింది.

1942లో మళ్ళీ అరెస్టయి పుణెలోని ఆగాఖాన్ భవనంలో గాంధీజీతోపాటు బందీగా ఉంది. అక్కడ ఆరోగ్యం క్షీణించడంతో 1943 మార్చిలో ప్రభుత్వం ఆమెను విడుదల చేసింది. 1947లో స్వాతంత్ర్యం వచ్చాక నేటి ఉత్తరప్రదేశ్‌కు గవర్నరయింది. స్వతంత్ర భారతంలో మొదటి మహిళా గవర్నర్ ఆమే. ఆ పదవిలో ఉండగానే 1949 మార్చి 2న లక్నోలో కన్నుమూసింది.

మనం గ్రహించవలసినది

సోదరీ సోదరులారా! జబ్బు పూర్తిగా నయమయ్యాక ఏదైనా చేద్దామని ఆమె కూర్చుని ఉంటే ఆ రోజు ఎన్నటికీ వచ్చేది కాదు. ఆమె వైద్యం మానలేదు, పనీ మానలేదు. మంచాన పడినప్పుడు విశ్రాంతి తీసుకుంది. లేవగలిగినప్పుడు లేచి నడిచింది.

అయితే ఇందులో ఆమె ఒక్కదాని గొప్పతనమే లేదు. చదువు ఆగినా పుస్తకాలు దూరం చేయని తల్లిదండ్రులున్నారు. వైద్యం చూస్తూనే అడ్డు చెప్పని భర్త ఉన్నాడు. ఈ రెండూ లేకపోతే ఎంత ప్రతిభ అయినా ఆ మంచంలోనే మగ్గిపోయేది.

కనుక ఈ రోజే మన ఇంటివైపు ఒకసారి చూసుకుందాం. చక్కెర వ్యాధితోనో, ఆయాసంతోనో, కీళ్ళ నొప్పులతోనో బాధపడుతున్న తల్లి, భార్య, చెల్లెలు, కోడలు ఉన్నారా? వారి మందులు సమయానికి అందుతున్నాయా? డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళి ఎన్నాళ్ళయింది? ఇంటి నిర్ణయాలలో వారి మాట వింటున్నామా? జబ్బు వల్ల బడి మానిన అమ్మాయి చేతికి ఒక పుస్తకమైనా ఇచ్చామా?

వ్యాధిగ్రస్తులైన మన స్త్రీలందరికీ అల్లాహ్ స్వస్థత చేకూర్చుగాక! వారి పట్ల మన బాధ్యత నెరవేర్చే భాగ్యాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.