జేమ్స్ జౌల్: డిగ్రీ లేదు.. చేసేది బీరు వ్యాపారం.. అయినా వేడి లెక్క తేల్చేశారు!

వెడల్పాటి రబ్బరు బ్యాండ్ ఒకటి తీసుకోండి. టక్కున బాగా సాగదీసి పై పెదవికి ఆనించండి. గోరువెచ్చగా తగులుతుంది. కాసేపు అలాగే పట్టుకుని, వదులు చేసి మళ్లీ ఆనిస్తే చల్లగా ఉంటుంది. మంట లేదు, ఎండ లేదు.. మరి ఆ వేడి ఎక్కడిది?

1800ల మొదట్లోనే దీన్ని గమనించింది జాన్ గఫ్. ఇంగ్లండ్‌లోని కెండల్ ఆయన ఊరు. పసితనంలోనే మశూచి వల్ల చూపు పోయింది. రబ్బరు వేడిని పెదవులతోనే పసిగట్టారు. ఆయన శిష్యుడు జాన్ డాల్టన్.. అదేనండీ, మన స్కూలు పుస్తకాల్లో పరమాణు సిద్ధాంతం డాల్టనే. ఆ డాల్టన్ దగ్గర పాఠాలు నేర్చుకున్న కుర్రాడు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్. గురువుగారి గురువు చూసిన వింతకు యాభై ఏళ్ల తర్వాత లెక్క కట్టింది ఈయనే.

అసలు ఎవరీ జౌల్?

1818 డిసెంబర్ 24న మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫోర్డ్‌లో పుట్టారు. తండ్రిది బీరు ఫ్యాక్టరీ. యూనివర్సిటీ గడప తొక్కలేదు. వ్యాపారం చూసుకుంటూనే ప్రయోగాలు చేశారు. వేడి అనేది కంటికి కనపడని ఒక పదార్థమని ఆ రోజుల్లో చాలామంది పెద్దలు నమ్మేవారు. కాదు, చేసిన పనే వేడిగా మారుతుందన్నారు జౌల్. బరువులు కిందికి దిగుతుంటే నీళ్లలో తెడ్డు తిరిగేలా చేసి, నీళ్లు ఎంత వేడెక్కాయో కొలిచారు. ఆ తేడా డిగ్రీలో చిన్న ముక్క అంతే! ఎవరు నమ్ముతారు? 1840లో ఆయన పేపర్‌ని రాయల్ సొసైటీ పూర్తిగా అచ్చు వేయలేదు. 1844లో ఇంకో పేపర్‌ని వద్దంది.

1847లో ఆక్స్‌ఫర్డ్ సభలో విలియం థామ్సన్ అనే కుర్ర ప్రొఫెసర్ దృష్టి ఈయన మీద పడింది. తర్వాత లార్డ్ కెల్విన్ అయింది ఆయనే. ఆ ఏడాదే అమీలియాతో జౌల్ పెళ్లయింది. హనీమూన్‌కి ఆల్ప్స్ వెళ్తే అక్కడా థామ్సన్ కలిశారు. ఇద్దరూ కలిసి జలపాతం పైన, కింద నీటి వేడి కొలుద్దామని చూశారు. నీళ్లన్నీ తుంపరలైపోయి కుదరలేదట. (పాపం అమీలియా!)

1854లో అమీలియా చనిపోయారు. అప్పుడే పుట్టిన బాబూ దక్కలేదు. మిగిలింది ఇద్దరు పిల్లలు. ఆ రోజుల్లోనే బీరు వ్యాపారమూ అమ్మేశారు.

రబ్బరు పని ఆ తర్వాతది. సాగదీస్తే వేడెక్కే వస్తువు, బరువు వేలాడదీసి వేడి చేస్తే ముడుచుకోవాలని థామ్సన్ లెక్క చెప్పింది. జౌల్ రబ్బరుకి బరువు కట్టి వేడి చేశారు. బరువు పైకి లేచింది! ఇంకో తమాషా ఏంటంటే, రబ్బరుని కొంచెం సాగదీస్తే కాస్త చల్లబడుతుంది. బాగా సాగదీస్తేనే వేడెక్కుతుంది. ఈ ఫలితాలు 1859లో బయటికొచ్చాయి.

ఇప్పుడు మన రోడ్ల మీదికి వద్దాం. టైరు తిరిగే ప్రతిసారీ దాని రబ్బరు నొక్కుకుని మళ్లీ తేరుకుంటుంది. అయితే పెట్టిన శక్తినంతా తిరిగివ్వదు. మిగిలింది వేడిగా లోపలే ఉండిపోతుంది. జౌల్ రబ్బరులో కొలిచిన వేడి, వదులు చేస్తే వెనక్కి పోయేది. ఇది పోదు. గాలి తక్కువుంటే టైరు ఎక్కువ నలుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. మే ఎండల్లో హైవేల మీద టైర్లు పేలడానికి ఇదీ ఒక కారణమే. వేడెక్కితే రబ్బరు గుణం మారుతుంది, గుణం మారితే పుట్టే వేడీ మారుతుంది. అందుకే ఇంజినీర్లు రెండు లెక్కలనూ కంప్యూటర్‌లో కలిపే చేస్తారు. ఎంత పని పోయింది, ఎంత వేడి వచ్చింది అనే జౌల్ పద్దు అందులో ఉండాల్సిందే.

మన కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. ఆ పేరున్న మనిషికి మాత్రం చివర్లో చేతిలో డబ్బు లేదు. 1878లో ప్రభుత్వం ఏడాదికి 200 పౌండ్ల పెన్షన్ ఇచ్చింది. ఆ ఏడాదే తెడ్డు ప్రయోగాన్ని మళ్లీ చేసి 772.55 అనే అంకె తేల్చారు. ఒక పౌండు నీటిని ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ వేడెక్కించాలంటే, 772.55 పౌండ్ల బరువు ఒక అడుగు కిందికి దిగాలని దానర్థం.

1889 అక్టోబర్ 11న సేల్ అనే ఊళ్లో కన్నుమూశారు. అక్కడి బ్రూక్‌లాండ్స్ శ్మశానంలో ఆయన సమాధి రాయి మీద ఆ అంకె చెక్కి ఉంది.