ఇంజనీరు లలిత

అయ్యలసోమయాజుల లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో ఒక తెలుగు కుటుంబమున జన్మించెను. పదునైదవ యేట ఆమెకు వివాహమాయెను. పదునెనిమిదవ యేట, నాలుగు నెలల పసిబిడ్డను మిగిల్చి భర్త గతించెను.

నాటి సమాజమున వితంతువు ఇల్లు వెడలుటయే కష్టము. అయినను లలిత తన కాళ్లపై తాను నిలువ నిశ్చయించెను. వైద్యవృత్తిలో రాత్రివేళల బిడ్డను విడువవలసివచ్చునని తలచి, ఇంజనీరింగు చదువగోరెను. గిండీ ఇంజనీరింగు కళాశాలలో అంతవరకు పురుషులే చదువుచుండిరి. అచ్చట ఆచార్యులైన ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు ప్రిన్సిపాలు చాకోగారిని ఒప్పించి, 1940లో ఆమెను చేర్పించిరి. వందలాది విద్యార్థుల నడుమ ఆమె యొక్కతియే స్త్రీ! పిదప తండ్రి చొరవతో లీలమ్మ, త్రేసియా యను మరి యిద్దరు చేరిరి. ముగ్గురును పట్టభద్రులైరి. వారి పట్టాలపై అచ్చయియున్న పురుషవాచకమును కొట్టివేసి, స్త్రీవాచకమును వ్రాయవలసివచ్చెను.

తరువాత లలిత కలకత్తాలో ఉద్యోగము చేయుచు, భాక్రానంగల్ ఆనకట్టకు సంబంధించిన విద్యుత్ప్రసార మార్గముల రూపకల్పనలో పాల్గొనెను. బిడ్డను పెంచి పెద్దచేసెను. 1964లో న్యూయార్కు నగరమున జరిగిన ప్రథమ అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల సమావేశమునకు వెళ్లెను. 1979లో మరణించెను.

నేడు ఇంజనీరింగు, కంప్యూటరు విద్యలలో బాలికలు చేరుట వింత కాదు. ఆ త్రోవను తొలుత నడచినవారిలో లలిత యొకతె.