సెయింట్ పాంక్రస్ పౌరుడు కృష్ణమేనన్

పరదేశంలో నివసించేవానికి ఇల్లు దొరకవచ్చును. పొరుగు దొరకడం కష్టం. అద్దె చెల్లించినంత మాత్రాన ఒక పేట మనది కాదు. అట్లని స్వదేశాన్ని మరచినగాని పరాయి పేట మనది కానేరదా? ఈ ప్రశ్నకు వి.కె. కృష్ణమేనన్ లండన్ జీవితం సమాధానం చెబుతుంది.

1896లో కోళిక్కోడులో జన్మించిన మేనన్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుకొని, అనిబిసెంటు అభిమానానికి పాత్రులై, 1924లో ఇంగ్లండు చేరినారు. తొలుత లెచ్‌వర్త్‌లోని ఒక పాఠశాలలో కొంతకాలం ఉపాధ్యాయ వృత్తి నెరపినారు. పిమ్మట లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో హెరాల్డ్ లాస్కీకి ప్రియశిష్యులైనారు. స్వదేశానికి తిరిగివచ్చి స్థిరపడేసరికి 28 ఏండ్లు గడచినవి.

ఆయన చాలాకాలం నివసించింది ఉత్తర లండన్‌లోని కామ్డెన్ టౌన్‌లో. అది నాటి సెయింట్ పాంక్రస్ పురపాలక సంఘం పరిధిలోనిది. యూస్టన్, సెయింట్ పాంక్రస్, కింగ్స్ క్రాస్ అనే మూడు పెద్ద రైలు స్టేషన్లు ఆ ప్రాంతంలోనివే. ఐర్లండు నుండి వచ్చిన కూలీలు, సైప్రసు నుండి వచ్చిన గ్రీకులు, చిరుద్యోగులు, విద్యార్థులు అక్కడి అద్దెగదులలో కాపురముండేవారు. వారి నడుమ మేనన్ టీ నీళ్ళతో, రొట్టెముక్కలతో కాలం వెళ్ళబుచ్చుతూ, ఇండియా లీగ్ పక్షాన బ్రిటిష్ పాలనకు వ్యతిరేకంగా ప్రచారం సాగించినారు.

ఆ సామ్రాజ్యాన్ని ఎదిరిస్తున్న మనిషినే 1934లో సెయింట్ పాంక్రస్ ప్రజలు తమ పురపాలక సంఘానికి ఎన్నుకొన్నారు. మేనన్ విశేషశ్రద్ధ గ్రంథాలయాలపై నిలిచింది. గ్రంథాలయ సంఘానికి అధ్యక్షులై పేదల ముంగిటికి, పిల్లల చేతికి పుస్తకం చేర్చడానికి పాటుపడినారు. 1937లో వెలువడిన పెలికన్ చౌకపుస్తకాల సంపాదకత్వంలోనూ ఆయన భాగస్వామి. యుద్ధకాలంలో లండన్‌పై బాంబులు కురిసిన రాత్రులలో వైమానికదాడి రక్షకుడుగా ఆ వీధులను కాపాడినారు.

ఆయన నడచింది పూలబాట కాదు. మాట కరుకు, శత్రువులు అనేకులు. డండీ నియోజకవర్గానికి లేబర్ పార్టీ అభ్యర్థిగా ఎంపికైనప్పటికీ ఆ అవకాశం చేజారింది. భారతదేశంపై ఆయనకు గల భక్తియే కొందరి కంటికి దోషమైంది. పేట మాత్రం ఆయనను విడువలేదు. 1947లో స్వతంత్రభారత ప్రథమ హైకమిషనర్‌గా నియమితులయ్యేదాకా పురపాలక సభ్యత్వం నిలిచింది.

1955లో సెయింట్ పాంక్రస్ ఆయనకు గౌరవ పౌరసత్వం అర్పించింది. అంతకుముందు ఆ గౌరవం పొందిన బెర్నార్డ్ షా కూడా డబ్లిన్ నుండి వచ్చి, ఆ పేట పాలకసభలోనే పనిచేసిన పరదేశి కావడం గమనార్హం. 1965లో సెయింట్ పాంక్రస్ పురపాలక సంఘం కామ్డెన్‌లో విలీనమైంది. మేనన్ 1974లో కీర్తిశేషులైనారు.

నేడు మన విద్యార్థులు వేలకొలది విదేశీ నగరాలలో అద్దెయిండ్లు వెదకుకొంటున్నారు. స్వదేశాభిమానాన్ని ఇసుమంతయు వదలుకోకుండానే, ఉన్నచోటి పిల్లలకు పుస్తకం అందించిన ఈ పెద్దమనిషి కథ వారికి ప్రయాణానికి ముందే తెలియడం మంచిది.