చరక మహర్షి

మన దేశంలో సుమారు 2000 ఏళ్ల కిందట చరకుడు అనే గొప్ప వైద్యుడు ఉండేవాడు. చరకుడు అంటే తిరుగుతూ ఉండేవాడు అని అర్థం. కనిష్క మహారాజు దగ్గర చరకుడు అనే వైద్యుడు ఉన్నాడని చైనా బౌద్ధ గ్రంథంలో రాసి ఉంది. ఆయనే ఈయన అని కొందరు పండితులు అంటారు.

చరకుని కంటే ముందు ఆత్రేయుడు అనే గురువు ఆరుగురు శిష్యులకు వైద్యం నేర్పాడు. వారిలో అగ్నివేశుడు ఒక గ్రంథం రాశాడు. దాన్ని చరకుడు సరిచేసి మళ్లీ రాశాడు. అదే చరక సంహిత. అందులో 120 అధ్యాయాలు ఉన్నాయి. కొంతకాలానికి 41 అధ్యాయాలు దొరక్కుండా పోతే దృఢబలుడు అనే ఆయన వాటిని పూర్తి చేశాడు.

చరకుడు మందులను 50 గుంపులు చేశాడు. ఒక్కో గుంపులో 10 మందులు. ఒక గుంపు మూత్రం బాగా వచ్చేలా చేసేవి. అందులో దర్భ వేరు, రెల్లు వేరు, పల్లేరు ఉన్నాయి. మనం ఆడుకునేటప్పుడు కాళ్లకు గుచ్చుకుంటే తిట్టుకుంటామే, ఆ పల్లేరే!

సెలవుల్లో మా అవ్వకి ఈ సంగతి చెప్పాను. అవ్వ నవ్వింది. మూత్రం మంటగా వస్తే పల్లేరు కాయలు కాచి తాగిస్తారని మా ఊళ్లో అందరికీ తెలుసంట. అవ్వకి చదువు రాదని చెప్పుకోవడానికి నాకు ఇదివరకు సిగ్గుగా ఉండేది. కాని మేకలు, గొర్రెలు, ఆవులు కాసేవాళ్లకి, అడవిలో ఉండేవాళ్లకి మూలికల పేర్లు, రూపాలు తెలుసని చరకుడే తన గ్రంథంలో రాశాడు. అది చదివాక నా సిగ్గు పోయింది.

అయితే పేరు, రూపం తెలిస్తే చాలదని కూడా ఆయన రాశాడు. ఎవరికి, ఎప్పుడు, ఎట్లా ఇవ్వాలో తెలిసినవాడే వైద్యుడు. తెలియని మందు విషంతో సమానం. కాళ్లు, ముఖం వాస్తే మూత్రపిండాలకో గుండెకో జబ్బు ఉండవచ్చు. కావున మిత్రులారా, ఎవరూ ఆకులు పీక్కొని తాగొద్దు. వెంటనే వార్డెన్ మేడంకి చెప్పి ఆసుపత్రికి పోవాలి.

అవ్వకి మూలికలు తెలుసు, నాకు రాయడం తెలుసు. ఈసారి సెలవులకి నోటుబుక్కు తీసుకుపోయి అవ్వ చెప్పినవన్నీ రాసుకొస్తాను. మీరూ మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాసుకురండి.

— 9వ తరగతి విద్యార్థిని